వీడియో చూస్తే అర్థమవుతోంది, పరీక్షలో చేయి కదలడం లేదు

పేరు రాయవద్దని కోరుతూ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. చిన్నప్పటి నుంచి లెక్కల్లో దిట్ట అని ఇంటిల్లిపాదీ చెప్పుకునేవారట. మొదటి సంవత్సరం కాలిక్యులస్‌లో డెరివేటివ్‌లు, ఇంటిగ్రేషన్ నల్లేరు మీద నడకలా సాగాయి, వందకు 88 వచ్చాయి. రెండో సంవత్సరంలో సిరీస్ (అంతులేకుండా సాగే కూడికలు), పోలార్ కోఆర్డినేట్స్ (బిందువును దూరం, కోణాలతో చెప్పే పద్ధతి), వెక్టర్స్ (పొడవు, దిశ రెండూ ఉన్న రాశులు) మొదలయ్యాక అంతా తారుమారైంది. మొదటి ఇంటర్నల్‌లో 34 వచ్చాయి.

"రోజూ మూడు గంటలు కూర్చుంటున్నాను. వీడియో చూస్తున్నంతసేపూ ప్రతి స్టెప్పూ అర్థమవుతుంది. పుస్తకంలో చేసి చూపించిన లెక్క చదివితే ఇంతేనా అనిపిస్తుంది. అలాంటిదే పరీక్షలో వస్తే మొదటి లైన్ ఏం రాయాలో తెలియదు. కన్వర్జెన్స్ టెస్టులన్నీ (సిరీస్ మొత్తం ఒక సంఖ్య దగ్గర స్థిరపడుతుందో లేదో తేల్చేవి) షరతులతో సహా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. అన్నీ నోటికి వచ్చు. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం తెలియదు" అని రాశారు. పోలార్‌లో ఒక వృత్తం వైశాల్యం అడిగితే సరిగ్గా రెట్టింపు వచ్చిందట. ఇంకో ప్రశ్నలో రెండు వక్రాలు కలిసే బిందువులు కనుక్కోమంటే ఒకటి వదిలేశారని మార్కులు పోయాయి. అది ఎలా తప్పిపోయిందో ఇప్పటికీ తెలియదట. వెక్టర్స్‌లో ఫార్ములాలు వచ్చు, బొమ్మ మాత్రం కళ్ల ముందుకు రాదు.

హోంవర్క్ స్నేహితుడితో కలిసి చేస్తారు. అతను చేస్తుంటే ఈయన చూసి అర్థం చేసుకుని రాసుకుంటారు. అందుకే హోంవర్క్ మార్కులు నిండుగా ఉంటాయి. విషయం అక్కకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. నాన్నగారు మాత్రం ప్రతి ఫోన్‌లోనూ ఎలా చదువుతున్నావని అడుగుతారట. ఈ సెమిస్టర్‌కు కోర్సు వదిలేసి వచ్చేసారి తీసుకో అని అక్క అంటోంది. పాత పేపర్లు బట్టీ కొడితే గట్టెక్కవచ్చని స్నేహితుడు అంటున్నాడు. కోర్సు వదులుకోవడానికి ఇంకా మూడు వారాల గడువుంది, ఫైనల్స్‌కు పది వారాలు. లెక్చరర్‌ను అడుగుదామంటే, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అనుకుంటారని భయం. ఉత్తరం చివర్లో ఇలా అడిగారు: "నాకు లెక్కలు రావన్న సంగతి ఇప్పుడు బయటపడిందా? ఇన్నాళ్లూ వచ్చినవి ఉత్త బట్టీ మార్కులేనా? వదిలేయాలా, కొనసాగాలా?"

మీ ఉత్తరంలో అసలు జబ్బు పేరు మీరే రాశారు. "ఏది ఎప్పుడు వాడాలో మాత్రం తెలియదు" అన్న ఆ ఒక్క వాక్యం పట్టుకుని మిగతావన్నీ చూద్దాం.

మొదటి సంవత్సరంలో ఏం చేయాలో ప్రశ్నే చెప్పేది. దీని డెరివేటివ్ కనుక్కోండి, ఈ ఇంటిగ్రల్ విలువ కనుక్కోండి అనేది. అక్కడా కొంత ఎంపిక ఉంటుంది కానీ దారి చాలావరకు వేసి ఉండేది. చకచకా, తప్పుల్లేకుండా నడిస్తే చాలు. మీరు అలా నడిచారు. అది బట్టీ అయితే 88 రావు, వచ్చినా ఆ నైపుణ్యం ఇప్పుడు ఎక్కడా అక్కరకు రాదు. నిజానికి ఇప్పుడు చేసే ప్రతి లెక్కలోనూ సగం పని ఆ పాత నైపుణ్యానిదే. కొత్తగా వచ్చి చేరింది ఇంకొకటుంది. "ఈ సిరీస్ కన్వర్జ్ అవుతుందా?" అని అడిగినప్పుడు ఏ టెస్ట్ వాడాలో ప్రశ్న చెప్పదు. "ఈ రెండు వక్రాల మధ్య వైశాల్యం ఎంత?" అన్నప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఇంటిగ్రేట్ చేయాలో చెప్పదు. లెక్క మొదలుపెట్టే ముందు నిర్ణయం తీసుకోవాలి. ఈ పని మీరింతవరకు సాధన చేయలేదు. మీరు చదువుతున్న పద్ధతిలో అది చేయాల్సిన అవసరమే రాలేదు. వీడియోలో ఆ నిర్ణయం టీచర్ తీసుకుంటారు. హోంవర్క్‌లో మీ స్నేహితుడు తీసుకుంటాడు. పుస్తకంలో చాప్టర్ పేరే తీసేసుకుంటుంది: "రేషియో టెస్ట్" అన్న శీర్షిక కింద ఉన్న పది లెక్కలకూ రేషియో టెస్టే కదా. పరీక్షలో మాత్రం ఆ నిర్ణయం మీ మీద పడుతుంది. అందుకే మూడు గంటలు కూర్చున్నా మొదటి లైన్ పడటం లేదు.

ఇందులో మీ తెలివి తక్కువతనం నాకేమీ కనబడలేదు. అనంతంగా సాగే కూడికల దగ్గర మహామహులే తడబడ్డారు. న్యూటన్, లైబ్నిజ్ 17వ శతాబ్దంలో కాలిక్యులస్‌ను నిలబెట్టారు. ఒక సిరీస్ కన్వర్జ్ అవడం అంటే కచ్చితంగా ఏమిటో గణితజ్ఞుడు కోషీ 1821లో స్పష్టంగా రాసేదాకా దాదాపు ఒకటిన్నర శతాబ్దం గడిచింది. ఆ మధ్యకాలంలో 1 − 1 + 1 − 1 + … మొత్తం ఎంత అని పెద్ద పెద్దవాళ్లే వాదించుకున్నారు. అన్నేళ్లు పట్టిన ఆలోచన మీకు ఒక్క సెమిస్టర్ మొదటి నెలలో ఇమడకపోతే కంగారు పడాల్సిన పని లేదు.

సిరీస్‌తోనే మొదలుపెడతాను, మీరు ఎక్కువ రాసిందీ దాని గురించే. మీరు గోడకు అంటించిన కాగితంలో టెస్టులు పేర్ల వరుసలో ఉన్నాయి. పరీక్షలో మీ ముందుకు వచ్చేది టెస్ట్ పేరు కాదు, సిరీస్ ముఖం. ఆ ముఖం చూసి పోల్చుకోవడం నేర్చుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. పై భాగంలో 3ఎన్ + 5, కింద ఎన్ క్యూబ్ + 1 ఉన్న సిరీస్ ఇచ్చారనుకోండి. అలవాటుగా రేషియో టెస్ట్ పెడతారు, అంటే ప్రతి పదాన్నీ దాని ముందు పదంతో భాగించి చూస్తారు. లిమిట్ 1 వస్తుంది. 1 వస్తే టెస్ట్ ఏమీ చెప్పదు. అక్కడ ఆగిపోతారు. అలా కాకుండా, పెన్ను కదిపే ముందు ఒక్క నిమిషం చూడండి. ఎన్ బాగా పెద్దదైనప్పుడు పైన 5, కింద 1 లెక్కలోకే రావు. మిగిలేది 3ఎన్ బై ఎన్ క్యూబ్, అంటే 3 బై ఎన్ స్క్వేర్. 1 బై ఎన్ స్క్వేర్ సిరీస్ కన్వర్జ్ అవుతుందని మీకు తెలుసు, దాని మొత్తం π స్క్వేర్ బై 6 అని గణితజ్ఞుడు ఆయిలర్ 1730లలోనే కనుక్కున్నాడు. కాబట్టి దానితో పోలిస్తే సరిపోతుంది, లిమిట్ కంపారిజన్ టెస్ట్‌తో రెండు లైన్లలో అయిపోతుంది. ఇక్కడ కష్టమంతా ఆ ఒక్క నిమిషం చూపులోనే ఉంది.

రేషియో టెస్ట్ ఎన్, ఎన్ స్క్వేర్, ఎన్ క్యూబ్ లాంటివే ఉన్న భిన్నాల దగ్గర ఎప్పుడూ 1 ఇచ్చి చేతులెత్తేస్తుంది. 1/ఎన్‌కూ 1 వస్తుంది, 1/ఎన్ స్క్వేర్‌కూ 1 వస్తుంది. మొదటిది డైవర్జ్ అవుతుంది, అంటే మొత్తం ఎక్కడా స్థిరపడదు, రెండోది కన్వర్జ్ అవుతుంది. ఫాక్టోరియల్ కనబడితే, 2 పవర్ ఎన్ లాంటివి కనబడితే రేషియో టెస్ట్ గుర్తుకు రావాలి. మొత్తం పదం ఎన్ పవర్‌లో ఉంటే రూట్ టెస్ట్. గుర్తులు ప్లస్, మైనస్ మారుతుంటే ఆల్టర్నేటింగ్ సిరీస్ టెస్ట్. వీటన్నిటికంటే ముందు, పదాలు అసలు సున్నాకు వెళ్తున్నాయా అని చూడాలి. వెళ్లకపోతే అక్కడికక్కడే డైవర్జ్ అని రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లవచ్చు. వెళ్తే మాత్రం కన్వర్జ్ అని రాసేయకూడదు. ఇది చాలామంది చేసే పొరపాటు, మీ పేపర్‌లోనూ ఉందేమో చూసుకోండి.

ఎందుకు రాయకూడదో 1/ఎన్ సిరీస్ చూపిస్తుంది. పదాలు సున్నాకు వెళ్తాయి, మొత్తం మాత్రం ఆగదు. పది లక్షల పదాలు కూడినా మొత్తం 14.39 దగ్గరే ఉంటుంది. కాలిక్యులేటర్‌తో చూసినవాళ్లెవరైనా ఇది ఎక్కడో ఆగిపోతుందనే అనుకుంటారు. 14వ శతాబ్దంలో ఒరెమ్ అనే పండితుడు ఇచ్చిన రుజువు చూడండి. 1/3, 1/4 కలిపితే రెండు 1/4ల కంటే ఎక్కువ, అంటే అర కంటే ఎక్కువ. 1/5 నుంచి 1/8 వరకు నాలుగు పదాలు, ఒక్కొక్కటీ 1/8కి తగ్గదు, కాబట్టి మళ్లీ అర కంటే ఎక్కువ. తర్వాతి ఎనిమిది పదాలు మళ్లీ అర కంటే ఎక్కువ. ఇలా అరలు వస్తూనే ఉంటాయి, ఎంత నెమ్మదిగానైనా మొత్తం ఏ హద్దునైనా దాటుతుంది. ఈ రుజువును పుస్తకం మూసి ఒకసారి మీరే రాయండి. ఏ టెస్ట్ పేరూ లేకుండా ఒక సిరీస్ గురించి మీరే తీర్పు చెప్పినట్టవుతుంది. టెస్టులన్నీ ఇలాంటి ఆలోచనల నుంచి పుట్టినవేనని చేతికి తెలుస్తుంది.

ఇక సాధన. వేర్వేరు సెక్షన్ల నుంచి ఇరవై సిరీస్‌లు ఏరి చిన్న చీటీల మీద రాయండి. సెక్షన్ పేరు రాయొద్దు. బాగా కలిపేయండి. ఒక్కో చీటీ తీసి, లెక్క చేయకుండా, ఏ టెస్ట్ వాడతారో, ఎందుకో ఒక్క లైన్ రాయండి. అంతే. ఇరవై అయ్యాక సరిచూసుకోండి. తప్పయిన వాటినే పూర్తిగా చేయండి. మొదట్లో సగం తప్పుతాయి, అది చూసి నీరుగారిపోకండి. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం గురించి రాశారు. ఒక గుంపు విద్యార్థులు ఘనపరిమాణం లెక్కలను ఒక్కో రకం ఒకేచోట చేశారు, ఇంకో గుంపు అన్ని రకాలూ కలిపి చేశారు. సాధన సమయంలో విడివిడిగా చేసినవాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60 శాతం సరైన జవాబులు వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే తలకిందులైంది: విడివిడిగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం. నిండైన హోంవర్క్ మార్కులు, 34 ఇంటర్నల్ మార్కులు ఒకే మనిషికి ఎలా వస్తాయో ఇందులో మీకు కనిపిస్తుంది.

వీడియోల గురించి కూడా ఇక్కడే చెబుతాను. మానేయమనను. చూస్తున్నప్పుడు వచ్చే అర్థం నిజమైనదే, కానీ అది గుర్తుపట్టడం వరకే. గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని కాగితం మీద మొదలుపెట్టడం వేరు. రోడిగర్, కార్పికే 2006లో పాఠ్యభాగాలతో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే ఒకసారి చదివి చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చదివినవాళ్లకేమో తమకు బాగా వచ్చిందన్న ధీమా ఎక్కువ. మీరు వీడియోలో ప్రశ్న కనబడగానే ఆపండి. పదిహేను నిమిషాలు మీరే ప్రయత్నించండి. తోచకపోతే మొదటి స్టెప్ వరకే చూసి మళ్లీ ఆపండి. ఇలా చేస్తే మూడు గంటల్లో పన్నెండు లెక్కల బదులు నాలుగే అవుతాయి. ఆ నాలుగూ మీవవుతాయి.

పోలార్‌లో మీ సమస్య వేరు. అక్కడ ఫార్ములా ఎంపిక పెద్ద గొడవ కాదు, బొమ్మ గీయకుండా ఫార్ములాలోకి దూకడం గొడవ. మీకు రెట్టింపు వైశాల్యం వచ్చిన లెక్క ఏమిటో రాయలేదు కానీ, ఆర్ = 2 కాస్ తీటా లాంటిదే అయి ఉంటుందని నా అనుమానం (ఆర్ మూలబిందువు నుంచి దూరం, తీటా కోణం). దాన్ని చిన్న పట్టికలో వేసి చూడండి. తీటా 0 దగ్గర ఆర్ 2. 60 డిగ్రీల దగ్గర 1. 90 దగ్గర 0. ఇంతటితో వృత్తం పై సగం పూర్తయింది, మూలబిందువుకు చేరాం. 120 దగ్గర ఆర్ −1. తీటా రెండో పాదంలో ఉన్నా ఆర్ రుణాత్మకం కాబట్టి బిందువు ఎదురుగా, నాలుగో పాదంలో పడుతుంది. 180 దగ్గర ఆర్ −2, అంటే మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చాం. 180 డిగ్రీలకే వృత్తం మొత్తం పూర్తయింది. అక్కడి నుంచి 360 వరకు అదే వృత్తం మీద రెండో చుట్టు. ఆర్ స్క్వేర్‌లో సగాన్ని 0 నుంచి 360 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 2π వస్తుంది. ఇది వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం, దాని వైశాల్యం π అని మీకు స్కూల్లోనే తెలుసు. ఫార్ములా సరైనదే, చేసిన ఇంటిగ్రేషన్ కూడా సరైనదే, హద్దులే తప్పు. ఆ పట్టిక వేయడానికి రెండు నిమిషాలు చాలు.

తప్పిపోయిన బిందువు సంగతీ ఇలాంటిదే. ఆర్ = కాస్ తీటా, ఆర్ = సైన్ తీటా తీసుకోండి. రెండూ సమానం అని రాస్తే 45 డిగ్రీల దగ్గర ఒక్క బిందువు వస్తుంది. బొమ్మ గీస్తే రెండు వృత్తాలు మూలబిందువు దగ్గర కూడా కలుస్తాయి. సమీకరణం దాన్ని ఎందుకు పట్టలేదు? మొదటి వక్రం 90 డిగ్రీల దగ్గర మూలబిందువుకు వస్తుంది, రెండోది 0 దగ్గరే వస్తుంది. ఇద్దరు మనుషులు ఒకే కూడలిని వేర్వేరు వేళల్లో దాటినట్టు. సమానం అని రాసినప్పుడు మనం ఒకే వేళకు కలిసేవాళ్లనే వెతుకుతున్నాం. కాబట్టి పోలార్‌లో ఖండన బిందువులు అడిగితే మూలబిందువును విడిగా పరీక్షించడం అలవాటు చేసుకోండి: ఏదో ఒక తీటాకు ఈ ఆర్ సున్నా అవుతుందా, ఆ ఆర్ సున్నా అవుతుందా అని.

పోలార్‌లో ఇంకో మోసం ఉంది. చాలామంది పోలార్ రాదనుకుంటారు, నిజానికి పోయేది ట్రిగనామెట్రీ దగ్గర. కాస్ స్క్వేర్ తీటాను (1 + కాస్ 2తీటా) బై 2గా మార్చడం తడుముకోకుండా రావాలి. అక్కడ ఆగుతున్నట్టయితే రెండు సాయంత్రాలు దానికే కేటాయించండి. పోలార్ చాప్టర్ మళ్లీ చదవడం కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

వెక్టర్స్ గురించి తక్కువే చెబుతాను, మీకు అక్కడ లోటు తక్కువగా ఉందనిపిస్తోంది. డాట్ ప్రొడక్ట్ ఒక ప్రశ్నకు జవాబు: ఈ దిశలో ఇది ఎంత ఉంది? క్రాస్ ప్రొడక్ట్ ఇంకో ప్రశ్నకు: ఈ రెండింటికీ లంబంగా ఉన్న దిశ ఏది, ఇవి చేసే సమాంతర చతుర్భుజం వైశాల్యం ఎంత? ఈ రెండూ ఒకప్పుడు ఒకే గుణకారంలో కలిసి ఉండేవి. గణితజ్ఞుడు హామిల్టన్ 1843లో నాలుగు భాగాలుండే క్వాటర్నియన్లు అనే సంఖ్యలు కనిపెట్టాడు, 1880లలో గిబ్స్, హెవిసైడ్ ఎవరికి వారు వాటిలోంచి ఈ రెండింటినీ విడదీసి ఇప్పటి రూపానికి తెచ్చారు. లెక్క మొదలుపెట్టే ముందు, జవాబు సంఖ్యగా రావాలా, వెక్టర్‌గా రావాలా అని మార్జిన్‌లో రాసుకోండి. సగం తికమక అక్కడే తీరుతుంది. బొమ్మ కనబడాలంటే తలలో ఊహించుకోవాల్సిన పని లేదు. ఒక పుస్తకాన్ని ఏటవాలుగా పట్టుకోండి, అది ప్లేన్. దాని మీద నిలువుగా పెన్ను పెట్టండి, అది నార్మల్.

ఎక్స్ + 2వై + 2జడ్ = 9 అనే ప్లేన్‌కు (4, 5, 2) అనే బిందువు ఎంత దూరం? ఫార్ములా మరిచిపోయారనుకోండి. ప్లేన్ మీద ఏదో ఒక బిందువు తీసుకోండి, (9, 0, 0) సరిపోతుంది. అక్కడి నుంచి మన బిందువుకు వెక్టర్ (−5, 5, 2). ఇది పెన్ను దిశలో ఎంత ఉంది అన్నదే దూరం. నార్మల్ (1, 2, 2)తో డాట్ ప్రొడక్ట్ −5 + 10 + 4, అంటే 9. నార్మల్ పొడవు 3. దూరం 3. ఫార్ములా లేకుండా వచ్చేసింది, ఇకపై మరిచిపోయినా భయం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వదిలేయాలా కొనసాగాలా. దీనికి జవాబు నా దగ్గర కంటే మీ ఇంటర్నల్ ఆన్సర్ షీట్‌లో ఎక్కువ ఉంది. అది తెచ్చుకుని, పోయిన ప్రతి మార్కు పక్కనా ఎందుకు పోయిందో రాయండి. ఎలా మొదలుపెట్టాలో తెలియక పోయిందా? సరిగ్గా మొదలుపెట్టి మధ్యలో ఆల్జీబ్రా, ట్రిగ్, ఇంటిగ్రేషన్ దగ్గర పోయిందా? ఎక్కువ భాగం మొదటి రకమైతే అది పది వారాల్లో సరిదిద్దుకోగలిగేదే. ఎక్కువ భాగం రెండో రకమైతే పునాదిలో పని ఉంది, దానికి టైమ్ ఎక్కువ పడుతుంది, అప్పుడు మీ అక్క మాటకు బరువు పెరుగుతుంది.

కొనసాగితే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. మొదటి రెండు వారాలు ఇప్పటికంటే అధ్వాన్నంగా అనిపిస్తాయి. సొంతంగా చేయడం మొదలుపెట్టగానే హోంవర్క్ మార్కులు తగ్గుతాయి. మిగతా సబ్జెక్టుల నుంచి కొంత టైమ్ తీయాల్సి వస్తుంది, వాటిలో ఏదైనా ఇప్పటికే మునుగుతుంటే అది కూడా లెక్కలోకి తీసుకోండి. ఫలితంగా ఫైనల్స్‌లో మళ్లీ 88 రాకపోవచ్చు. గౌరవంగా బయటపడే అవకాశం మాత్రం బాగానే ఉంది.

వదిలేయడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. మీ అక్క మీ మంచి కోరే చెబుతోంది. ఒక్క చిక్కుంది: వచ్చేసారి కూడా ఇవే వీడియోలు, ఇదే హోంవర్క్ పద్ధతి అయితే ఇదే ఫలితం వస్తుంది, పైగా ఈసారి అది రెండో దెబ్బ అవుతుంది. వదిలేస్తే ఆ ఖాళీ నెలల్లో మొదటి సంవత్సరం ఇంటిగ్రేషన్, ట్రిగ్ గట్టి చేసుకుంటానని ప్రణాళిక వేసుకునే వదిలేయాలి.

మీ స్నేహితుడి సలహాతో గట్టెక్కవచ్చు, కాదనను. కొన్ని పేపర్లలో ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. కానీ తర్వాత వచ్చే మల్టీవేరియబుల్ కాలిక్యులస్‌లో గ్రేడియంట్ అర్థం కావాలంటే డాట్ ప్రొడక్ట్ కావాలి, డబుల్ ఇంటిగ్రల్స్‌లో అడుగడుగునా పోలార్ కావాలి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో సిరీస్ మళ్లీ ఎదురవుతుంది. ఇప్పుడు తప్పించుకున్నది అక్కడ వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. ఈ సబ్జెక్టుతో ఇక మీకు సంబంధమే ఉండదు, ఈ ఒక్క పేపర్ పాసైతే చాలు అన్న పరిస్థితి అయితే అది వేరే విషయం, మీరు నిశ్చింతగా ఆ దారిన వెళ్లవచ్చు. పాత పేపర్లను నేనైతే వేరేలా వాడమంటాను: జవాబులు చూడకుండా, గడియారం పెట్టుకుని. ప్రశ్నలు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి మీకు కావలసిన సాధన సరిగ్గా అదే. ట్యూషన్ గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెబుతారు. పెన్ను మీ చేతిలో ఉండనిచ్చే మనిషి దొరికితే మంచిదే. ఆయనే చేసి చూపిస్తుంటే అది ఇంకో వీడియో.

స్నేహితుడితో తెగదెంపులు అక్కర్లేదు. "ముందు అరగంట ఎవరికి వాళ్లం చేద్దాం, తర్వాత కూర్చుందాం" అనండి. అతను చేసిన దాంట్లో "ఇది ఎందుకు ఎంచుకున్నావు?" అని అడగండి. చాలాసార్లు అతనికీ సమాధానం వెంటనే తోచదు. ఆలోచించి చెప్పాక ఇద్దరికీ లాభం.

లెక్చరర్ దగ్గరకు "సిరీస్ అర్థం కావడం లేదు సార్" అని వెళ్తే ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, మీకు భయం తీరదు. సగం చేసిన లెక్కతో వెళ్లండి. "దీనికి రేషియో టెస్ట్ పెట్టాను, 1 వచ్చింది, తర్వాత ఎటు వెళ్లాలో తోచలేదు" అనండి. అలా వచ్చిన విద్యార్థిని తక్కువగా చూసే టీచర్లు చాలా అరుదు. ఐదు నిమిషాల్లో మీ లోటు ఎక్కడుందో ఆయన పట్టేయగలరు.

ఇంట్లో చెప్పాలా అన్నది మీరు నేరుగా అడగలేదు. కానీ ఉత్తరంలో నాన్నగారి ప్రస్తావన మూడుచోట్ల వచ్చింది. దిట్ట అన్న పేరు మీరు కోరి తెచ్చుకున్నది కాదు, దాన్ని కాపాడే బాధ్యత మీ ఒక్కరి నెత్తినే ఉన్నట్టు మోస్తున్నారు. చెప్పకపోతే ఈ పది వారాలూ చదువు టెన్షన్‌కు తోడు దాచే టెన్షన్ కూడా ఉంటుంది. ఆయన ప్రతి ఫోన్‌లోనూ ఎలా చదువుతున్నావని అడుగుతారు కదా. ఇప్పుడు చెబితే ఒక రోజు బాధపడవచ్చు, కోప్పడనూ వచ్చు. ఫైనల్స్ తర్వాత తెలిస్తే మార్కుల కంటే, తనకు చెప్పలేదన్న బాధే ఆయనకు ఎక్కువవుతుంది. నా మనసు ఇప్పుడే చెప్పడం వైపు మొగ్గుతోంది, అక్కను పక్కన పెట్టుకుని, ఆన్సర్ షీట్‌తో పాటు ఏం చేయబోతున్నారో కూడా చెబుతూ. మీ నాన్నగారి స్వభావం నాకు తెలియదు, అది ఎరిగిన అక్క వద్దంటే ఆ మాట వినండి.

గడువుకు మూడు వారాలుంది కాబట్టి ఈరోజే తేల్చుకోవాల్సిన అవసరం లేదు. రెండు వారాలు పైన చెప్పినట్టు చదవండి. ఆ తర్వాత ఒక పాత పేపర్‌లోంచి సిరీస్, పోలార్, వెక్టర్స్ ప్రశ్నలు పన్నెండు తీసి, ఎవరి సాయం లేకుండా ప్రతిదానికీ మొదటి అడుగు, దానికి కారణం రాయండి. ఎనిమిదింటికి సరిగ్గా పడితే కొనసాగండి. నాలుగైదుకు మించకపోతే వదిలేయడమే మేలు కావచ్చు. మధ్యలో ఉంటే ఆ కాగితమే తీసుకుని లెక్చరర్ దగ్గరకు వెళ్లి ఆయన అభిప్రాయం అడగండి. ఈలోగా ఆఫీసులో రెండు విషయాలు కనుక్కుని ఉంచుకోండి: వదిలేస్తే ఈ కోర్సు మళ్లీ ఏ సెమిస్టర్‌లో వస్తుంది, ఇది పూర్తి కాకుండా తీసుకోవడానికి వీల్లేని కోర్సులు ఏవి.